మహమ్మారి కాలపు పుకార్లను దేశాలవారీగా పోల్చడం ఎలా? నా దగ్గర ఒక మందుల షాపు నోటుపుస్తకం ఉంది

వైనతేయ గట్టు (ప్రశ్న)

నమస్కారం. కోనసీమలో, వైనతేయ పాయకు కూతవేటు దూరంలో ఉన్న ఊళ్లో ముప్పై ఏళ్లుగా మందుల షాపు నడుపుతున్నాను. అడగదలచిన ప్రశ్న ఒక్క వాక్యమే. ముందు వెనకలు చెప్పకపోతే అర్థం కాదని ఇంత రాస్తున్నాను.

2020 ఏప్రిల్‌లో జ్వరం, దగ్గు, జలుబు మందులు కొనేవారి వివరాలు రాసి ఉంచమని ప్రభుత్వం మందుల షాపులకు చెప్పింది. అందుకని ఒక పెద్ద నోటుపుస్తకం తీశాను. కుడి పేజీ ప్రభుత్వానికి. ఎడమ పేజీ ఖాళీగా ఉంటోంది కదా అని, వారం తిరక్కుండానే దాని మీద సొంత పద్దు మొదలుపెట్టాను. ఎవరు ఏ వింత వస్తువు అడిగారు, ఆ మాట వారికి ఎవరు చెప్పారు అన్నది ఆ పద్దు. పేర్లు రాయలేదు. "రొయ్యల చెరువు కాపలా ఆయన, బావమరిది పంపిన వీడియో." "టైలరమ్మ, ఖతార్‌లో ఉన్న చెల్లెలు." "డిగ్రీ కుర్రాడు, ఎవరు చెప్పారో చెప్పడు." ఇలా 2021 ఆగస్టు దాకా సాగింది.

మా మేనకోడలు విశాఖపట్నంలో ప్రజారోగ్యం చదువుతోంది. మహమ్మారి కాలంలో ఫోన్లలో తిరిగిన ఆరోగ్య పుకార్లను దేశాల మధ్య పోల్చడం తన పని. ఒక పట్టిక పంపింది. దేశం, పుకారు, జరిగిన హాని అని మూడు గడులు. "భారతదేశం వరుస నువ్వు నింపు మామయ్యా, నీ దగ్గర సరుకు ఉంది కదా" అంది. రెండు సాయంత్రాలు కూర్చున్నాను. ఒక్క వరుస కూడా నిజాయితీగా నింపలేకపోయాను.

ఎందుకో చెబుతాను. 2021 జూన్‌లో ఒకాయన వచ్చి ఆస్పిరిన్ బిళ్లలు వంద కావాలన్నాడు. సింగపూర్‌లో కరోనా శవానికి పరీక్ష చేస్తే అది వైరస్ కాదు బ్యాక్టీరియా అని తేలిందట, రక్తం గడ్డకట్టడమే జబ్బట, ఆస్పిరిన్ వేసుకుంటే చాలట. ఫోను చూపించాడు. ఎక్కడో చదివినట్టు ఉందే అనుకుని పాత పేజీలు తిరగేశాను. ముందటి ఏడాది ఇదే మాట ఇటలీ డాక్టర్ల పేరుతో వచ్చింది. మధ్యలో రష్యా పేరుతో కూడా తిరిగింది. వాక్యాలు అవే, ఊరి పేరు మాత్రమే మార్చారు. సింగపూర్ ఆరోగ్య శాఖ ఇదంతా అబద్ధమని ప్రకటన ఇచ్చింది. మా ఊరికి ఆ మెసేజీ వచ్చింది కువైట్ నుంచి. ఇప్పుడు దీన్ని ఏ దేశం వరుసలో రాయాలి?

ఇంకొకటి. 2020 ఉగాది వెళ్లిన రెండో రాత్రో మూడో రాత్రో, లాక్‌డౌన్ ఇంకా కొత్త. రాత్రి రెండు గంటలకు తలుపు కొట్టారు. వీధి చివరి పెద్దావిడ. ఎక్కడో ఒక బిడ్డ పుట్టగానే మాట్లాడిందట. గుమ్మంలో దీపం పెట్టి, పసుపు కలిపిన నీళ్లు తాగితే ఏ రోగమూ రాదని చెప్పి కన్నుమూసిందట. బయటికి వచ్చి చూస్తే వీధి వీధంతా దీపాలే. మా ఆవిడ కూడా ఒకటి వెలిగించింది. నమ్మావా అని అడిగితే, "అందరి గుమ్మంలో ఉండి మన గుమ్మంలో లేకపోతే బాగుండదు" అంది. బిడ్డ ఏ ఊళ్లో పుట్టిందంటే నరసాపురం వైపు అన్నారు. నరసాపురంలో మా పెదనాన్నగారి అబ్బాయి ఉన్నాడు. తెల్లవారి ఫోను చేస్తే, వాళ్ల వీధిలో ఆ బిడ్డ అమలాపురం వైపు పుట్టిందట!

ఇది మన గోదావరి గాలి అనుకున్నాను ఇన్నాళ్లూ. మేనకోడలు చెబుతోంది, అదే మార్చి నెలలో కెన్యా పశ్చిమ ప్రాంతంలో జనం అర్ధరాత్రి లేచి పాలు లేని టీ కాచుకుని తాగారట. వియత్నాంలో అర్ధరాత్రి కోడిగుడ్లు ఉడకబెట్టుకుని తిన్నారట. అక్కడ కూడా చెప్పింది పుట్టగానే మాట్లాడిన బిడ్డే.

కాబట్టి నా ప్రశ్న ఇది. పుకారు దేశాన్ని బట్టి మారుతుందా, లేక ఒకటే పుకారు దేశానికొక వేషం కడుతుందా? పోల్చాలంటే పట్టికలో ఏ గడులు ఉండాలి?

మూఢనమ్మకాల మీద మాత్రం నాకు ఎవరూ ఉపన్యాసం ఇవ్వవద్దు. 2021 ఏప్రిల్ చివరలో కర్పూరం, లవంగాలు, వాము గుడ్డలో మూటకట్టి వాసన చూస్తే ఆక్సిజన్ పెరుగుతుందన్న మాట వచ్చినప్పుడు, అమలాపురం నుంచి రెండు డజన్ల కర్పూరం డబ్బాలు తెప్పించి అమ్మినవాణ్ణి నేనే. పెరగదని నాకు తెలుసు. మొదటి ఇద్దరికి "పెరగదండీ" అని చెప్పాను. వాళ్లు ఎదురుగా ఉన్న కిరాణా కొట్టుకు వెళ్లి కొన్నారు. మూడో ఆయనకు చెప్పలేదు.


జలీబ్ డ్రైవరు

గట్టు గారూ, ఆ ఆస్పిరిన్ మెసేజీ పంపిన పాపం నాలాంటివాళ్లదే, కాబట్టి ముందు నేనే చెప్పాలి.

నాది రాజోలు పక్క పల్లె. 2011 నుంచి 2022 దాకా కువైట్‌లో కంపెనీ బస్సు నడిపాను. 2020 ఏప్రిల్ 6న మేముండే జలీబ్‌ను, అటు మహబూలాను పూర్తిగా మూసేశారు. గదిలో ఎనిమిది మందిమి. మీ మేనకోడలికి దేశాలు కావాలంటే మా గదిలోనే నాలుగు ఉన్నాయి. బంగ్లాదేశ్ అతను తమ దగ్గర థాన్‌కుని ఆకు తింటే కరోనా రాదని రాత్రికి రాత్రి పాకిపోయిందని, మనుషులు టార్చిలైట్లు పట్టుకుని గట్ల మీద వెతికారని చెప్పాడు. ఫోనులో ఆకు చూపించాడు. చూస్తే మన సరస్వతి ఆకు. ఫిలిప్పీన్స్ అతను ఉప్పు వేసిన వేడినీళ్ల గిన్నె ముందు దుప్పటి కప్పుకుని కూర్చునేవాడు. దాన్ని తువోబ్ అంటారు. ఆ జూన్‌లో వాళ్ల సెబూ ప్రాంతపు గవర్నరే దాన్ని వెనకేసుకొచ్చారు. నేపాల్ అతనికి వేడినీళ్లలో పసుపు. మాకు మిరియాల చారు. ఒకరి వైద్యం చూసి ఒకరం నవ్వుకున్నాం. పక్క గదిలో మొదటి జ్వరం వచ్చిన రోజు సాయంత్రం మాత్రం అందరం అన్నీ చేశాం.

మెసేజీలు ఊరికి ఎందుకు పంపామంటే, అమ్మకు జ్వరం అని ఫోను వస్తుంది. విమానాలు లేవు. జీతం సగమే ఇస్తున్నారు. చేతిలో ఉన్నది ఫోను ఒక్కటే. మందు పంపలేనివాడు మందు పేరు పంపుతాడు. నిజమో కాదో చూసే తీరిక నాకు లేదని కాదు, చూడాలని అనిపించలేదు. అబద్ధమని తేలితే పంపడానికి ఇంకేమీ మిగలదు.

మీ పట్టిక సంగతికి వస్తే, హాని అన్న గడి దగ్గర నాకు ఒక అభ్యంతరం ఉంది. మాకు గల్ఫుకు ఆవలి ఒడ్డు ఇరాన్. సారా తాగితే వైరస్ చస్తుందని అక్కడ ఒక మాట పుట్టింది. అక్కడ మద్యం నిషేధం. దొరికేదంతా దొంగ సరుకు. ఫ్యాక్టరీలకు వెళ్లే మిథనాల్ అనే విషపు స్పిరిట్‌ను జనం గుర్తుపట్టాలని రంగు కలుపుతారు, దొంగ వ్యాపారులు బ్లీచింగ్ వేసి ఆ రంగు తీసేసి అమ్మారు. 2020 ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్ మొదటి వారం లోపల 700 మందికి పైగా చనిపోయారని అక్కడి అధికారులే చెప్పారు. చూపు పోయినవాళ్లు వేరే. అదే రోజుల్లో బెలారస్ అధ్యక్షుడు లుకషెంకో వోడ్కా తాగండి, ఆవిరి స్నానం చేయండి అని బాహాటంగానే అన్నారు. అక్కడ వోడ్కా అంగడిలో దొరికే సరుకు. తాగినవాడు మహా అయితే మర్నాడు తలనొప్పితో లేచి ఉంటాడు. మాట ఒకటే, అక్కడి చట్టం వేరు.

మన ప్రకాశం జిల్లా కురిచేడులో 2020 జులై చివర శానిటైజర్ తాగి పది మందికి పైగా పోయారు. అక్కడ రోగం తగ్గుతుందన్న పుకారే లేదు, మద్యం దుకాణాలు మూసి ఉన్నాయి, అంతే. కాబట్టి పుకారు పక్కన "ఆ ఊళ్లో అప్పుడు ఏది దొరకడం లేదు" అని ఒక గడి పెట్టమనండి.


పాలకొల్లు అల్లుడు

ఇక్కడ అందరూ ముందే తీర్పు చెప్పేసినట్టు మాట్లాడుతున్నారు. 2021 మే మూడో వారంలో మా బాబాయి కారు మాట్లాడుకుని నెల్లూరు జిల్లా కృష్ణపట్నం వెళ్లి ఆనందయ్య గారి మందు తెచ్చుకున్నాడు. తిన్నాడు, తగ్గింది. మన కళ్ల ముందే ఉన్నాడు, కావాలంటే వచ్చి చూడండి. కంటిలో వేసే చుక్కలు తప్ప మిగతావాటిలో చాలావాటికి మే 31న రాష్ట్ర ప్రభుత్వమే అనుమతి ఇచ్చింది. ప్రభుత్వం ఒప్పుకున్నదాన్ని కూడా పుకారు గడిలో వేస్తారా?


భీమవరం లెక్కల మాస్టారు

పాలకొల్లు అల్లుడు గారికి ముందు. మీ బాబాయి గారు అబద్ధం చెప్పడం లేదు. కానీ ఈ జబ్బులో ఎక్కువ మందికి ఏమీ తినకపోయినా తగ్గేది. తిన్నది ఏదైతే దానికే ఆ పేరు వస్తుంది. ఆ వారం కాకరకాయ పులుసు తిని ఉంటే కాకరకాయకు వచ్చేది. ఆ పేరు తేలాలంటే తిన్నవారినీ తిననివారినీ పక్కపక్కన పెట్టి లెక్క కట్టాలి. మీ అనుభవం మన రాష్ట్రానికే ప్రత్యేకం అనుకోకండి. 2020 డిసెంబరులో శ్రీలంకలోని కేగాల్ల దగ్గర ఒకాయన తేనె, జాజికాయ కలిపిన పానకం తయారుచేస్తే వేలమంది వరుసకట్టారు. ఆరోగ్య మంత్రి కూడా అందరి ఎదుట తాగారు. జనవరిలో ఆమెకే కరోనా వచ్చింది. అక్కడ తేనె, కృష్ణపట్నంలోనూ తేనె. రెండు చోట్లా జనం గుమిగూడడమే అసలు ప్రమాదం.

అయితే మీ చివరి ప్రశ్న మాత్రం చాలా మంచిది. ప్రభుత్వం చెప్పింది పుకారు అవుతుందా? మీ కంటే పెద్ద ఉదాహరణ చైనాలో ఉంది. 2020 జనవరి 31 రాత్రి అక్కడి ప్రభుత్వ వార్తా సంస్థ షిన్హువా, షువాంగ్‌హువాంగ్‌లియన్ అనే మూలికల మందు ఈ వైరస్‌ను అణచగలదని రాసింది. ఆ రాత్రే మందుల షాపుల ముందు బారులు తీరారు. గట్టు గారికి ఆ దృశ్యం నేను వర్ణించక్కరలేదు. మన దగ్గర 2020 జనవరి 29న ఆయుష్ మంత్రిత్వ శాఖ ముందు జాగ్రత్తకు హోమియో గుళికలు, ఆర్సెనికం ఆల్బం, సూచించింది. మార్చిలో వైద్య సిబ్బందికి మలేరియా మందు హైడ్రాక్సీక్లోరోక్విన్ వేసుకోమని మన వైద్య పరిశోధన మండలి చెప్పింది. అమెరికాలో అదే మందుకు మార్చి 28న అత్యవసర అనుమతి ఇచ్చి జూన్ 15న వెనక్కి తీసుకున్నారు. 2021 మే నెలలో గోవా ప్రభుత్వం పెద్దవాళ్లందరికీ, మనుషులకూ పశువులకూ కడుపులో పురుగులకు వాడే ఐవర్‌మెక్టిన్ ఇస్తామంది. ఆగస్టులో అమెరికా ఔషధ సంస్థ అదే మందు గురించి "మీరు గుర్రం కాదు, ఆవు కాదు" అని జనాన్ని మందలించింది. ఒక దేశంలో సలహా, మరో దేశంలో పుకారు. ఒకే దేశంలో మార్చిలో సలహా, జూన్‌లో పుకారు. కాబట్టి పట్టికలో తేదీ లేకపోతే అది పట్టికే కాదు.

ఇక అంకెలు. మీ మేనకోడలు ఈపాటికి చదివే ఉంటుంది. 2020లో అమెరికన్ జర్నల్ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్ అండ్ హైజీన్‌లో ఒక పరిశోధన వచ్చింది. 2019 డిసెంబరు 31 నుంచి 2020 ఏప్రిల్ 5 దాకా 87 దేశాల్లో, 25 భాషల్లో 2,311 పుకార్లూ నిందలూ కుట్ర కథలూ పోగేశారు. భారతదేశం, అమెరికా, చైనా, స్పెయిన్, ఇండోనేషియా, బ్రెజిల్ ముందు వరుసలో నిలిచాయి. దీన్ని చూసి "మన దేశం పుకార్లలో మొదటి వరుస" అని మావాళ్లు కొందరు తల పట్టుకున్నారు. తొందరపడకండి. పోగేసింది నిజనిర్ధారణ చేసే సైట్లలో, పత్రికల్లో, సామాజిక మాధ్యమాల్లో కనబడినవాటిని. అంటే ఎవరో ఒకరు పట్టుకుని రాసినవి. పట్టుకునేవాళ్లు ఎక్కువ ఉన్న చోట దొరికే దొంగలూ ఎక్కువే కనబడతారు. మీ వీధిలో రాత్రి రెండు గంటలకు తలుపు కొట్టిన పెద్దావిడ ఆ 2,311లో లేదు. తెలుగులో వాయిస్ మెసేజీగా తిరిగినవి ఎన్ని చేరాయో నాకు అనుమానమే. జనాభాను లెక్కలోకి తీసుకోకుండా దేశాలను వరుసలో నిలబెట్టడం ఇంకొక తప్పు.

అదే పరిశోధనలో నాకు నచ్చిన అంకె వేరే ఉంది. తేల్చగలిగినవాటిలో 82 శాతం అబద్ధాలు. దాదాపు 9 శాతం నిజమని తేలాయి. వందలో తొమ్మిది నిజం! పుకారు అనగానే అబద్ధం అనుకుంటాం. ఆ తొమ్మిది ఉన్నాయి కాబట్టే మిగతావి చెల్లుబాటవుతున్నాయి.


ఏలూరు కాలువ

మాస్టారి తొమ్మిది శాతం మాట మీద. 2020 డిసెంబరు మొదటి వారంలో మా ఏలూరులో మనుషులు ఉన్నట్టుండి మూర్ఛపోయారు. 600 మందికి పైగా. మా ఇంటి పక్క అబ్బాయి సైకిల్ మీద వెళుతూ పడిపోయాడు. నీళ్లు అన్నారు, దోమల పొగ అన్నారు, బ్లీచింగ్ అన్నారు, కూరగాయలు అన్నారు, చివరికి భయం వల్లనే అన్నవాళ్లూ ఉన్నారు. తర్వాత ఢిల్లీ ఎయిమ్స్ వాళ్లు రక్తంలో సీసం, నికెల్ అన్నారు. ఇతర సంస్థలు పురుగుమందుల అవశేషాల వైపు వేలు చూపాయి. ఆ వారమంతా మేము బావి నీళ్లు మానేసి డబ్బా నీళ్లు తాగాం, కూరగాయలు ఉప్పునీళ్లలో కడిగాం. అది పుకారు విని చేసిన పనా, బుద్ధి ఉండి చేసిన పనా? ఇప్పటికీ నాకు తెలియదు. మీ పట్టికలో మమ్మల్ని ఎక్కడ వేస్తారో చూస్తాను.


లంకల ఏఎన్ఎం

ఇరవై ఆరేళ్లు లంక గ్రామాల్లో ఏఎన్ఎంగా పనిచేసి రిటైరయ్యాను. టీకాల పెట్టె భుజాన వేసుకుని పడవలో అవతలి ఒడ్డుకు వెళ్లిన రోజుల గురించి రాస్తే పుస్తకం అవుతుంది, కాబట్టి పట్టికకు పనికొచ్చేది మాత్రం రాస్తాను.

2021 ఏప్రిల్ 1 నుంచి నలభై అయిదు దాటినవారందరికీ కరోనా టీకా మొదలైంది. నేను వెళ్లేసరికి అరటి తోటల్లోకి జారుకునేవారు. ఏమమ్మా అంటే ఫోను చూపించేవారు. టీకా వేసుకున్నవాళ్లు రెండేళ్లలో పోతారని నోబెల్ వచ్చిన ఫ్రాన్స్ శాస్త్రవేత్త చెప్పాడని మేలో ఒకటి వచ్చింది. లుక్ మోంటాగ్నియే ఆ రెండేళ్ల మాట అననే లేదు. జూన్‌లో చేతికి చెంచా అంటుకుంటోందని ఇంకొకటి. నేను రెండు చేతులకూ చెంచాలు పెట్టి చూపించేదాన్ని. చెమట పట్టిన రోజు నిజంగానే అంటుకుని నా పరువు తీసింది.

ఒక రోజు ఒక ఆమె, నా వయసుదే, గేదెకు గడ్డి వేస్తూ అసలు సంగతి చెప్పింది. "చెంచా సంగతి నాకెందుకమ్మా. సూది వేస్తే రెండు రోజులు జ్వరం. సార్వా నాట్లు నడుస్తున్నాయి. రెండు రోజుల కూలి ఎవరిస్తారు?" మరి ఫోను ఎందుకు చూపించావంటే, కూలి పోతుందని వేసుకోలేదంటే నువ్వు తిడతావు, చస్తామని భయమంటే జాలిపడతావు అంది. నేను ఆ మాటకు పడవ ఎక్కేదాకా తేరుకోలేదు. తర్వాతి నుంచి సాయంత్రం పూట, నాట్ల మధ్య ఖాళీ ఉన్న రోజు చూసుకుని, జ్వరం బిళ్లలు ముందే చేతిలో పెట్టి వేశాను. చెంచాల గురించి ఎవరూ మళ్లీ అడగలేదు.

ఇంకొందరి భయం మాత్రం నిజంగా భయమే. దానికి మూలం ఫోనులో లేదు. ఎగువన, గోదావరి ఒడ్డునే, భద్రాచలం వైపు 2009లో గిరిజన ఆశ్రమ పాఠశాలల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సరు రాకుండా టీకాలు వేశారు. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. కానీ తల్లిదండ్రులను అడగకుండా వార్డెన్ల సంతకాలతో వేశారన్నది తేలింది. పదకొండేళ్ల తర్వాత నా ముందు కూర్చున్న తల్లి "అప్పుడు ఆ పిల్లలను అడిగారా?" అంటే నేనేం చెప్పను? పాకిస్తాన్‌లో 2011లో బిన్ లాడెన్‌ను వెతకడానికి అమెరికా గూఢచారులు హెపటైటిస్ టీకాల పేరు వాడుకున్నారు. ఆ దెబ్బ ఇప్పటికీ అక్కడ పోలియో చుక్కల మీద పడుతోంది. నైజీరియాలోని కానోలో 1996లో మెదడు పొరల వాపు (మెనింజైటిస్) వచ్చిన పిల్లల మీద ఒక విదేశీ కంపెనీ మందు ప్రయోగం చేసింది. 2003లో అక్కడే పోలియో చుక్కలు ఆపేశారు. ఈ మూడూ ఒక వరుసలో ఉండాలి. మన దేశాన్ని చైనా, జపాన్ పక్కన పెట్టడం కాదు.

మీ అమ్మాయికి చెప్పండి, "హాని" గడికి ముందు "ఇంతకు ముందు ఇక్కడ ఏం జరిగింది" అని ఒకటి, "చెప్పని కారణం" అని ఇంకొకటి పెట్టమని. రెండోది నింపడానికి ఇంటర్నెట్ సరిపోదు, పడవ ఎక్కాలి.


అనపర్తి గుడ్లు

హాని అంటే ప్రాణాలేనా? 2020 ఫిబ్రవరిలో కోడి తింటే కరోనా వస్తుందన్నారు. నా షెడ్డులో కోళ్లు అలాగే ఉన్నాయి, మేత ఖర్చు అలాగే ఉంది, అడిగే నాథుడు లేడు. ఫిబ్రవరి చివర హైదరాబాద్‌లో మంత్రులు వేదిక మీద కోడి కాళ్లు కొరికి చూపించారు. వాళ్లు తిన్నారు, జనం తినలేదు. ఏప్రిల్ దాటాక రోగనిరోధక శక్తికి గుడ్లు తినాలన్నారు, అప్పుడు అమ్ముకున్నాను. మొదటిది పుకారు, రెండోది సలహా అంటారు. నా ఖాతాలో రెండూ రెండు ఫోన్లలో వచ్చిన మాటలే.


వైనతేయ గట్టు

ఇంత మంది ఇంత ఓపికగా రాస్తారనుకోలేదు. అన్నీ మేనకోడలికి చదివి వినిపించాను. "మామయ్యా, ఇన్ని గడులు కాగితం మీద పట్టవు, అడ్డంగా తిప్పినా పట్టవు" అని మొదట విసుక్కుంది. ఆ తర్వాత తనే దేశం గడిని మొదటి నుంచి తీసి చివరకు జరిపింది. తేదీ మొదటికి వచ్చింది.

ఏఎన్ఎం అమ్మగారి మాట విన్నాక కుడి పేజీలు మళ్లీ చూశాను. అవి ప్రభుత్వం కోసం రాసినవి, నేను ఎప్పుడూ పట్టించుకోలేదు. 2021 జులై, ఆగస్టు నెలల్లో ఇంట్లో ఎవరికీ జ్వరం లేకుండానే జ్వరం బిళ్లలు కొన్నవాళ్లు వరుసగా కనబడ్డారు. "రేపు సూది వేయించుకుంటాం" అని చెప్పి కొన్నవాళ్లు. వాళ్లలో చాలామంది ఎడమ పేజీలోనూ ఉన్నారు, నెల ముందు చెంచా వీడియో చూపించినవాళ్లే. ఒకే మనిషి, ఎదురెదురు పేజీలు. మేనకోడలు ఆ రెండు పేజీల ఫోటో అడిగింది. పేర్లు ఉన్న కుడి పేజీ ఇవ్వనన్నాను. చేత్తో రాసి పంపిస్తున్నాను.

ఎడమ పేజీల్లో "ఎవరు చెప్పారు" అని రాసుకున్నది కూడా లెక్క చూశాం. సింగపూర్, ఇటలీ, జపాన్ అన్నవి మెసేజీ లోపల ఉన్న పేర్లు. నా షాపుకు వచ్చినవారు మాత్రం ఆ పేర్లు ఎక్కడా చెప్పలేదు. బావమరిది, చెల్లెలు, పెద్దమ్మాయి, తోడల్లుడు, అదే ఎక్కువ. జలీబ్ డ్రైవరు గారూ, మీలాంటివాళ్లు నా పుస్తకంలో ఎంతమంది ఉన్నారో మీకు తెలియదు. పాలకొల్లు అల్లుడు గారూ, మీ బాబాయి గారిని ఏ గడిలోనూ వేయలేదు, పక్కన చిన్న అక్షరాలతో రాశాం. ఏలూరు వారిని ఎక్కడ వేయాలో మేనకోడలు ఇంకా ఆలోచిస్తోంది.

కర్పూరం గురించి కూడా అడిగాను. 1918లో ఇన్‌ఫ్లుయెంజా వచ్చినప్పుడు అమెరికాలో పిల్లల మెడలో కర్పూరం సంచులు కట్టి బడికి పంపేవారని చెప్పింది. ఆ రోజుల్లో ఫోన్లు లేవుగా అంటే, తోడల్లుళ్లు ఉన్నారు కదా అంది.

మొన్న షాపు సర్దుతుంటే పై అరలో అప్పటి డబ్బా ఒకటి మిగిలి కనబడింది. మూత తీస్తే లోపల ఏమీ లేదు. మిరియాలు వేయడం మరిచిపోయాను, మొత్తం హరించుకుపోయింది. వాసన మాత్రం ఉంది.